చిల్లంగి (చేతబడి) ఎవరు పెట్టారో ప్రార్థన చేసి చెప్పమంటున్నారు, ఏం చేయాలి?

కొండవాలు (రాయగడ జిల్లా, ఒడిశా)

అందరికీ వందనాలు. మాది కోనసీమ. నేనూ మా ఆవిడా రాయగడ జిల్లాలో, మునిగుడ అవతల ఒక కోదు గిరిజనుల ఊరి అంచున కాపురం ఉంటున్నాం. సాయంకాలం పిల్లలకు చదువు చెప్తాం. ఆదివారం కొన్ని కుటుంబాలు మా అరుగు మీద ప్రార్థనకు కూడుకుంటాయి. ఊరి పేరు రాయను, కారణం కింద చదివితే తెలుస్తుంది.

వానలు పట్టాక ఒకే వీధిలో ఇద్దరు పసివాళ్లు పోయారు. సాయంత్రం జ్వరం, రాత్రి ఫిట్స్, తెల్లారేసరికి ఊపిరి లేదు. ఆ వెనకే ఒక ఇంట్లో గేదె చచ్చింది. బెజ్జుణిని (దేవత పూని సోది చెప్పే ఆమెను) కూర్చోబెట్టారు. పూనకంలో ఆమె పేరు పలకలేదు, "వీధి కొసన ఉన్న గుమ్మం" అని మాత్రం అందట. వీధి కొసన ఉన్నది ఒక ముసలమ్మ. భర్త లేడు, కొడుకు కేరళలో కూలికి పోయాడు. చిల్లంగి ఆమెదే అని చెవులు కొరుక్కుంటున్నారు. ఆమె వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు.

నిన్న రాత్రి పెద్దమనుషులు మా గుమ్మం ముందుకొచ్చారు. వాళ్లలో మా సంఘస్థులూ ఉన్నారు. "మీ దేవుడు బెజ్జుణి మీద ఆడే దేవత కంటే పెద్దవాడని మీరే చెప్పారు. ప్రార్థన చేసి పేరు బయటపెట్టండి. మీరు చెబితే ఎవరూ కాదనరు" అన్నారు. ఆదివారం దాకా ఆగమన్నాను.

"చిల్లంగి అనేదే లేదు" అని, బిడ్డను పూడ్చి వచ్చిన తల్లి ముందు కూర్చుని అనలేకపోతున్నాను. "మా ప్రభువు దాన్ని కట్టేస్తాడు" అంటే, ఎవరు పెట్టినదాన్ని అని అడుగుతారు. అప్పుడు నేనే ఆ ముసలమ్మ మీదికి వేలు చూపినట్టు. ఇలాంటి ఊళ్లలో బతికినవాళ్లు చెప్పండి.

దూబచెర్ల_అమ్మగారు (రిటైర్డ్ నర్సు, ప్రస్తుతం పార్వతీపురం)

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ఆ వీధిలో ఇప్పుడు జ్వరంతో ఎవరున్నారు? ఇవాళే ఇల్లిల్లూ తిరిగి చూడు. నువ్వు రాసినది చదివితే నాకు మొదట తట్టేది మెదడుకెక్కే మలేరియా. ఫాల్సిపేరం రకం పసిపిల్లల్లో అలాగే వస్తుంది. పొద్దున ఆడుకున్న బిడ్డ రాత్రికి కొయ్యబారిపోతుంది. కళ్లు పైకి తేలేసి, పళ్లు బిగబట్టి, ఒళ్లు విల్లులా వంగితే, చూసినవాళ్లకు ఎవరో లోపల దూరి పిండుతున్నారనే అనిపిస్తుంది. నా ఉద్యోగమంతా కొండ ఆస్పత్రుల్లోనే గడిచింది. ఆ పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చిన తండ్రుల్లో సగం మంది చేతికి తాయెత్తు కట్టించాకే వచ్చేవారు. ఆలస్యం అక్కడే జరిగేది.

మీ ఊరి ఆశా దీదీ దగ్గర రక్తపు చుక్కతో చూసే కిట్ ఉంటుంది, పావుగంట ఇరవై నిమిషాల్లో తేలుతుంది. 2017 నుంచి ఒడిశాలో దమన్ అనే మలేరియా కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా పరీక్ష చేసి మందులిస్తున్నారు. మీ ఊరికి ఈ ఏడు వచ్చారా, లేదా కనుక్కో. పిల్ల తాగలేకపోయినా, మగతగా ఉన్నా, ఒక్కసారి ఫిట్స్ వచ్చినా మాత్రలతో ఇంట్లో ఉంచకండి, ఇంజెక్షన్ పడాలి. మీకు బిసంకటక్ క్రిస్టియన్ ఆస్పత్రి అందుబాటులోనే ఉంటుంది. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సన్ పెట్టినది. కోదుల మలేరియా ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు తెలుసు.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఆ చచ్చిన గేదె మాంసం ఎవరైనా తిన్నారా?

కొండవాలు

అమ్మగారూ, తిన్నారు. ఎండబెట్టుకుని దాచుకున్నారు కూడా. ఎందుకు అడిగారు?

దూబచెర్ల_అమ్మగారు

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోరాపుట్ వైపు అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఎవరి చేతుల మీదైనా, మెడ మీదైనా నడిమధ్య నల్లగా మాడినట్టు ఉండి నొప్పి లేని పుండు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పంపు, మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. దాచిన మాంసం తిననివ్వకు. పశువుల డాక్టరుకు కబురు చెయ్యి. కళేబరం మిగిలి ఉంటే కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. రేపు నాలుగిళ్లలో ఒకేసారి పుళ్లు లేస్తే అవి కూడా ఆ ముసలమ్మ ఖాతాలోనే రాస్తారు.

జయధ్వని77 (శ్రీకాకుళం)

బ్రదర్, వందనాలు. సిస్టర్ గారి మాటలు మంచివే. కానీ సేవకుడిగా మీరు వెనక్కి తగ్గకండి. బైబిల్లో కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల ముందు ఏలీయా ప్రవక్త వెనక్కి తగ్గలేదు. ఊరి నడుమ రాత్రంతా ప్రార్థన పెట్టండి. దేవుడు బయలుపరిస్తే పేరు చెప్పడంలో తప్పేముంది? ఆమె ఒప్పుకుని పశ్చాత్తాపపడితే ఆమెకూ విడుదలే కదా. మా ప్రాంతంలో అలా చాలామంది సాక్ష్యం చెప్పారు.

కువి_బిడ్డ (కల్యాణసింగుపురం)

జయధ్వని అన్నా, నేను కోదువాణ్ని. పార్వతీపురంలో హాస్టల్‌లో చదువుకున్నాను, అందుకే తెలుగు వచ్చు. మీరు రాసినది చదివాక పని మానుకుని ఇది రాస్తున్నాను.

మా నాన్నమ్మ పేరును బెజ్జుణి చెప్పలేదు. మైదానం నుంచి వచ్చిన ఒక ప్రార్థన బృందం చెప్పింది. కళ్లు మూసుకుని "ఈ ఇంటికి తూర్పున ఉన్న పెద్దావిడ చేత ఈ పని జరిగింది" అన్నారు. వాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు. మేం ఊళ్లో ఉండాలి కదా. నాన్నమ్మను బావి దగ్గరికి రానివ్వలేదు. చోళ్ల కోతకు పిలవలేదు. ఆమె ఇంటి మీదుగా పోయే దారిని మార్చేశారు. "ఒప్పుకో, ఒప్పుకుంటే అయిపోతుంది" అని రోజూ అడిగారు. చివరికి విసిగి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక అయిపోలేదు. ఇక రుజువైనట్టే అయింది. తన చెల్లెలి ఊరికి వెళ్లిపోయి అక్కడే పోయింది. అన్నా, మీరు విన్న సాక్ష్యాల్లో ఎన్ని ఇలాంటివో ఒకసారి ఆలోచించండి.

బెజ్జుణి కనీసం మా ఊరి మనిషి. ఆమె పేరు చెబితే జానీ (ఊరి పూజారి), పెద్దలు కూర్చుని జరిమానా వేసో, మేకను ఇప్పించో సర్దుబాటు చేసే దారి ఉండేది, ఎప్పుడూ కాకపోయినా. పెద్ద దేవుడి పేరు మీద చెప్పిన మాటకు ఆ దారి కూడా లేదు.

కొండవాలు అన్నకు రెండు మాటలు. ఒకటి, భూమి సంగతి చూడండి. మా వైపు పేరు ఊరికే పుట్టదు, తగాదా ఉన్నచోట పుడుతుంది. ఆ అవ్వకు పోడు పట్టా ఉందా? అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఇస్తే భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు. భర్త పోయాడు, కొడుకు ఊళ్లో లేడు, ఆమె కూడా ఊరొదిలిపోతే ఆ వాలు ఎవరు దున్నుకుంటారు? రెండు, ఆమె చేతి అంబలి తాగండి. ఇంట్లో దాక్కుని తాగొద్దు, ఆమె గుమ్మంలో కూర్చుని, వీధి చూస్తుండగా తాగండి. చిల్లంగి తిండిలోంచే ఎక్కుతుందని మావాళ్ల భయం. వేయి ప్రసంగాల కంటే ఆ ముంత పెద్ద మాట చెప్తుంది.

దూబచెర్ల_అమ్మగారు

బాబూ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అంబలి సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్కటే జాగ్రత్త. తాగినవాళ్లకు ఆ వారంలో జ్వరమొస్తే నింద మళ్లీ ఆమె మీదే పడుతుంది. కాబట్టి కొండవాలూ, నువ్వూ అమ్మాయీ దోమతెర లేకుండా పడుకోవద్దు, కాచిన నీళ్లే తాగండి, ఒళ్లు వెచ్చబడితే గంట కూడా ఆగకుండా పరీక్ష చేయించుకోండి. మీ ఆరోగ్యం ఇప్పుడు ఆమెకు రక్షణ.

గుణుపురం_వకీలు

చట్టం సంగతి చెప్తాను, ఇది మీకూ సంఘానికీ ఇద్దరికీ పనికొస్తుంది. ఒడిశాలో 2013లో మంత్రగత్తెల వేటను నిరోధించే చట్టం వచ్చింది. చంపితేనే నేరం అనుకోకండి. ఫలానా మనిషి మంత్రగత్తె అని పేరు పెట్టడం, ఆ పేరుతో వేధించడం, వేధించమని ఎగదోయడం కూడా దాని కిందికొస్తాయి. మీరు ప్రార్థనలో పేరు చెబితే మీరే ముద్దాయి కావచ్చు.

రెండోది 1967 నాటి ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం. అందులో బలవంతం అనే మాటకు అర్థం కర్ర పట్టుకోవడం ఒక్కటే కాదు. దైవాగ్రహం కలుగుతుందని బెదిరించడం, వెలివేస్తామనడం కూడా బలవంతమే. "మా దేవుణ్ని నమ్మకపోతే ఈ చిల్లంగి నీ రెండో బిడ్డనూ తీసుకుంటుంది" అని ఎవరైనా అంటే అది నేరుగా ఆ వాక్యంలో పడుతుంది. శిక్ష ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. ఎదుటివారు మైనరో, స్త్రీయో, ఎస్సీ ఎస్టీయో అయితే రెండేళ్లు, 10,000. కోదుల ఊళ్లో ఆ రెండో లెక్కే. అందుకని మందుకూ మతానికీ ముడి పెట్టకండి. ఆస్పత్రికి తీసుకెళ్లిన ఇంటివాళ్లను ఆదివారం రమ్మని కూడా అనకండి. చట్టం ఒక్కటే కారణం కాదు, అలా చేస్తే మనిషి మనసు మీద మీరు చేసే ఒత్తిడి చిల్లంగి భయం కంటే వేరుగా ఏమీ ఉండదు.

హేతువాది_పార్వతీపురం

నేను ఏ దేవుణ్నీ నమ్మను. అయినా ఈ చర్చలో రాయాలనిపించింది. చిల్లంగి లేదనే మాట ఎవరో ఒకరు చెప్పాలి, దాన్ని దాటవేయొద్దు. కానీ ఏం జరిగిందో చూపించకుండా లేదు అంటే జనం నమ్మరు, నమ్మకపోవడం వాళ్ల తప్పూ కాదు. 2016లో మల్కనగిరిలో వందమందికి పైగా పిల్లలు పోయారు. మొదట అందరూ మెదడువాపు జ్వరం అన్నారు. వెల్లూరు నుంచి డాక్టర్ జాకబ్ జాన్ బృందం వచ్చి చూస్తే, చాలామంది విషయంలో కారణం కసివింద గింజలని తేలింది. మన పొలం గట్ల మీద మొలిచే కసివిందే. ఆకలిగా ఉన్న పిల్లలు కాయలు తింటే కాలేయం, మెదడు దెబ్బతిన్నాయి. చదువుకున్న డాక్టర్లకే కారణం పట్టుకోవడానికి అంత కష్టమైతే, ఆ పిల్లల తల్లులు మంత్రం అనుకోవడంలో వింతేముంది? 2001లో కాశీపురంలో ఆకలికి, బూజు పట్టిన మామిడి టెంకల అంబలి తాగి జనం పోయారు. అది మీ జిల్లాయే. ఇలాంటి చావుల వెనుక ఆకలి, దోమ, రోడ్డు లేకపోవడం ఉన్నాయి. వాటి మీద రావాల్సిన కోపం ఒక ముసలమ్మ మీదికి మళ్లుతోంది. నాకు బాధ కలిగించేది అది.

సిరొంచ_సారు (గడ్చిరోలి జిల్లా)

నమస్తే. మాది సిరొంచ, ప్రాణహిత ఈవల. అవతలి ఒడ్డు కాళేశ్వరం. మా దిక్కు బాణామతి అంటరు, చేతబడి అంటరు. నేను బడిపంతులును, అమ్మగారు చెప్పిన లిస్టుకు ఇంకోటి కలుపుత.

కట్లపాము. వానకాలం రాత్రి నేల మీద పండుకున్నోళ్ల పక్కలకు వస్తది. కరిస్తే మంట ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ కనపడదు. మనిషికి మెలకువ కూడా రాకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పి అంటడు, గొంతు పట్టేసిందంటడు, రెప్పలు వాలిపోతయ్. మాట రాదు కానీ తెలివి ఉంటది, అందరినీ చూస్తనే ఉంటడు. ఆఖరుకు ఊపిరి ఆగుతది. "రాత్రి మంచిగ తిని పండుకున్నోడు పొద్దుగాల పోయిండు, గాటు లేదు" అంటే మా ఊళ్లల్ల బాణామతి తప్ప ఇంకో పేరు పెట్టరు. బడిపిల్లలకు నేను రెప్పల సంగతే నేర్పుత: పొద్దున లేవంగనె రెప్పలు వాలితే భూతవైద్యుని దగ్గరికి కాదు, విషానికి విరుగుడు సూది ఉన్న దవాఖానకు. మంచం మీద పండుకుని, దోమతెర అంచులు పక్క కింద మడిచిపెట్టుకుంటే దోమా రాదు, పామూ రాదు.

చేతబడి, మూఢనమ్మకాల మీద మహారాష్ట్ర చట్టం కోసం హేతువాది నరేంద్ర దభోల్కర్ గారు ఏండ్లు కొట్లాడిండ్రు. 2013 ఆగస్టు 20 పొద్దున పుణెల కాల్చి చంపిండ్రు. ఆ డిసెంబరుల చట్టం పాసయింది. ఆరు నెలల నుంచి ఏడేండ్ల దాక జైలు. మంచి చట్టమే. అయితే చట్టం పోలీసు ఠాణాల ఉంటది, భయం ఇంట్ల ఉంటది. భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసల సంఘసేవకులు బాబా ఆమ్టే 1973ల గిరిజనుల కోసం పని మొదలుపెట్టిండ్రు, కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని అక్కడ్నే ఉండిపోయిండ్రు. మాడియా గిరిజనులు మొదట్ల దవాఖాన దిక్కు రాలె. పూజారి ఇగ నాతోని కాదన్న రోగులు బతికి నడిచి పోవుడు చూసినంక రావట్టిండ్రు. పూజారిని తిట్టి గెలిచింది కాదు అది. ఉండిపోయి గెలిచింది.

పర్లాకిమిడి_వాసి

సిరొంచ సారు చెప్పిన "ఉండిపోవడం" గురించి ఒక మాట. మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పెట్టారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అడవిలో జ్వరాలు, మందులు వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. మతం కోసం కాదు, మనుషుల కోసం చేశారు. కొండవాలు గారూ, మీరు కువిలో (కోదుల భాషలో) మాట్లాడతారా, దుబాసీని పెట్టుకుంటారా? ఇలాంటి సమయంలో దుబాసీ కూడా ఆ ఊరి తగాదాలో ఒక పక్షమే అవుతాడు.

కొండవాలు

కువి మాట్లాడతాను, మా ఆవిడ నాకంటే బాగా మాట్లాడుతుంది. ఇక్కడి సంగతులు చెప్తాను.

అమ్మగారు రాసిన రోజే ఇల్లిల్లూ తిరిగాం. మూడో ఇంట్లో ఒక పాపకు జ్వరం. ఆశా దీదీ పరీక్ష చేస్తే ఫాల్సిపేరం తేలింది. పాప మగతగా ఉంటే బైకు మీద నడుమ కూర్చోబెట్టుకుని ఆస్పత్రిలో చేర్పించాం. ఇంజెక్షన్లు పడుతున్నాయి, కళ్లు తెరిచింది, ఇంకా అక్కడే ఉంది. దాచిన మాంసం రెండిళ్లవాళ్లు పారేశారు, మిగతావాళ్లు ఇవ్వలేదు. పుళ్లు ఎవరికీ కనబడలేదు. పశువుల డాక్టరుకు కబురు పంపాను.

పాప తండ్రి ఆస్పత్రి వరండాలో నాతో అన్నాడు: "దోమ కుట్టిందంటున్నారు, ఒప్పుకుంటాను. మందు పనిచేస్తోంది, అదీ చూస్తున్నాను. అందరికీ దోమలు కుడతాయి కదా. నా పిల్లనే ఎందుకు పట్టుకుంది? ఆ దోమను ఎవరు పంపారు?"

దీనికి డాక్టరు దగ్గర జవాబు లేదు. హేతువాది గారూ, మీ దగ్గర కూడా లేదనుకుంటాను. నా దగ్గరా లేదు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి శిష్యులు ప్రభువును అడిగింది ఇదే: ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా? ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. ఆ భాగం చాలాసార్లు బోధించాను. ఆ వరండాలో అది నాకు కొత్తగా వినబడింది. నేను అతనితో, "ఎవరూ పంపలేదని నమ్ముతున్నాను. నిన్ను నమ్మమని బలవంతం చేయను. పాప ఇంటికొచ్చేదాకా మాత్రం నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. అతను ఒప్పుకోలేదు, కాదనలేదు. నా దుప్పటి తీసుకుని పడుకున్నాడు.

భూమి సంగతి కువి_బిడ్డ తమ్ముడు చెప్పినట్టే ఉంది. అవ్వకు పట్టా ఉంది. పక్క చెక్క ఉన్న మనిషే ఆ రాత్రి మా గుమ్మంలో అందరికంటే గట్టిగా మాట్లాడాడు. అతనే ఇదంతా చేయించాడని నేను అనను. అలా అంటే అది కూడా ఇంకో పేరు చెప్పడమే అవుతుంది.

జయధ్వని77

కువి_బిడ్డ తమ్ముడూ, నాన్నమ్మ సంగతి చదివాను. బయలుపరచే వరం ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఒక మనిషిని ఊరికి అప్పగించడానికి ఆ వరం వాడమని వాక్యంలో ఎక్కడుందో చూపించమని ఎవరైనా అడిగితే నేను చూపించలేను. ఎఫెసులో మంత్రగాళ్లు తమ పుస్తకాలు తామే తెచ్చి కాల్చారు, పౌలు ఎవరి ఇంటినీ వేలెత్తి చూపలేదు. కొండవాలు బ్రదర్, ఆదివారం మీ కోసం ఉపవాసం ఉంటాను.

కొండవాలు

ఆదివారం అయింది. పెద్దమనుషులంతా వచ్చారు. "నేను పేరు చెప్పను. దేవుణ్ని ఆ పేరు అడగలేదు, ఇక ముందు కూడా అడగను. ఏ సేవకుడైనా వచ్చి పేరు చెబితే అది నా దేవుని మాట కాదని అందరికీ చెప్తాను" అన్నాను. చట్టం సంగతి వకీలు గారు చెప్పినట్టే చెప్పాను, బెదిరింపుగా కాకుండా. పోయిన ఇద్దరు పిల్లల పేర్లూ పలికి ప్రార్థించాను. ఆ తల్లులు ఏడ్చారు. వాళ్ల బిడ్డల కోసం ఎవరైనా అందరి ముందూ ఏడవడం అదే మొదటిసారి అనుకుంటా. అప్పటిదాకా అందరూ చిల్లంగి గురించే మాట్లాడారు.

తర్వాత మా ఆవిడ లేచి అవ్వ ఇంటికెళ్లి గుమ్మంలో కూర్చుంది. నేనూ వెళ్లాను. అవ్వ అంబలి పోయడానికి భయపడింది. మాకేమైనా అయితే తనను చంపుతారని ఆమె భయం. మా ఆవిడే కుండ తీసి పోసింది. తాగాం.

రెండు కుటుంబాలు ఇక ప్రార్థనకు రామని కబురు పంపాయి. బెజ్జుణి కంటే మా దేవుడికి తక్కువ తెలుసు అని ఒకాయన వీధిలో అన్నాడు. నాకు బాధగానే ఉంది. ఊరు చల్లబడిందని చెప్పలేను. ఇంకా పసివాళ్లకు జ్వరాలు వస్తాయి, ఈ కాలం అలాంటిది. కొడుక్కి ఫోన్ చేశాం, పట్టా కాగితాలు చూసుకోవడానికి వస్తానన్నాడు.

దూబచెర్ల_అమ్మగారు

పాపను ఇంటికి పంపాక కూడా మాత్రలు పూర్తిగా వేసేలా చూడు, ఒళ్లు చల్లబడగానే ఆపేస్తారు. దమన్ బృందం ఎప్పుడొస్తుందో సీహెచ్‌సీలో (సర్కారు ఆస్పత్రిలో) రాయించుకుని రా. పెద్దమనుషుల ఇళ్లకే ముందు తీసుకెళ్లు, వాళ్ల పిల్లలకు ముందు పరీక్ష చేయించు. గొడవ తగ్గించేది అదే.

కువి_బిడ్డ

అన్నా, సంత రోజు నేను మునిగుడ వస్తాను. మీ ఊరి పెద్దల్లో ఒకాయన మా అత్తగారి వైపు చుట్టం అవుతాడని మా అమ్మ చెప్పింది. ఆయనతో కూర్చుని మా నాన్నమ్మ సంగతి నేనే చెప్తాను, కువిలో. అది మీరు చెబితే వేరు, నేను చెబితే వేరు.

గుణుపురం_వకీలు

కొడుకు ఏ బండికి వస్తున్నాడు? అలెప్పీ నుంచి ధన్‌బాద్ వెళ్లే బండి అయితే రాయగడలో దిగమనండి. నేను స్టేషన్‌కు వస్తాను. పట్టా నకలు, తండ్రి మరణ ధృవీకరణ పత్రం, అమ్మ ఆధార్ చూసుకుని, ముందు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి, ఆ తర్వాతే ఊళ్లోకి వెళ్దాం.